ఒక మందారం, మూడు అచ్చులు: ఫోన్ ఫొటో నుంచి పెడన అద్దకం దాకా

హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ నా డిజైన్ల పుస్తకం తిరగేస్తూ అడిగారు: "ఇది తామర, ఇది చామంతి, ఇది మందారం అంటున్నారు. నాకు మూడూ ఒకేలా కనిపిస్తున్నాయేంటండీ?" ఆవిడ తప్పు పట్టాలని అనలేదు. చున్నీల మీద ఒక్క మందార పువ్వే పెట్టి కొన్ని చేయించుకుందామని వచ్చారు. నేను ఇరవై ఏళ్లుగా పెడన అద్దకానికి డిజైన్లు గీస్తున్నాను. ఆవిడ వెళ్లాక పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఆ మాట నిజమేనని తేలింది. ఏ పువ్వు చూసినా మధ్యలో ఒక గుండ్రం, చుట్టూ ఎనిమిది రేకులు, ప్రతి రేకు కొసన చిన్న వంపు. తామరకి రేకు కొంచెం వెడల్పు, చామంతికి కొంచెం సన్నం, అంతే తేడా. చెయ్యి అలవాటు పడిపోయి, పువ్వు వైపు చూడకుండానే పువ్వు గీసేస్తోంది.

ఆ మందారం ఆర్డరు కోసమే పువ్వుల్ని ఫొటో తీయడం, ఆ ఫొటోల్ని కంప్యూటర్‌లో మార్చుకుని డిజైన్ రాబట్టడం నేర్చుకున్నాను. సంక్రాంతికి మొదలుపెడితే మొదటి చున్నీ ఆరేసరికి ఆగస్టు వచ్చింది. ఆ ఏడు నెలల్లో ఏం చేశానో, ఎక్కడ చెడిందో, చివరికి ఏది కుదిరిందో ఇక్కడ రాస్తున్నాను. అద్దకమే కాదు, బాతిక్ చేసేవాళ్లకీ, ఎంబ్రాయిడరీ, ప్యాచ్‌వర్క్ చేసేవాళ్లకీ ఇందులో కొంతైనా పనికొస్తుంది.

గుడ్డ మీద ఎన్ని రంగులు

కృష్ణా జిల్లాలో మచిలీపట్నం పక్క ఊరు పెడన. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, ఇక్కడ టేకు అచ్చులతో అద్దుతారు. రెండూ కలంకారీయే. పెడన పద్ధతిలో ఒక సంగతి తెలియకపోతే ఈ కథ అర్థం కాదు కాబట్టి అది ముందు చెబుతాను. శుభ్రం చేసిన గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవంతో గీత అచ్చు వేస్తారు. కరక్కాయ వగరు, ఇనుము కలిసిన చోట నలుపు వస్తుంది. ఎరుపు సంగతి వేరు. అచ్చుతో వేసేది ఎరుపు కాదు, పటిక. అద్దేటప్పుడు అది సరిగ్గా కంటికి కూడా ఆనదు. తర్వాత పారే నీళ్లలో జాడించి, రాగి డేగిసాలో అలిజరిన్ అనే రంగుతోనో చిరివేరుతోనో ఉడికిస్తే, పటిక పడ్డ చోట మాత్రమే ఎరుపు పట్టుకుని నిలుస్తుంది. పటిక చిక్కగా ఉంటే ముదురు ఎరుపు, పల్చగా ఉంటే లేత ఎరుపు. ఒకే డేగిసాలో, ఒకే ఉడుకులో రెండు ఎరుపులూ వస్తాయి.

ఫోన్ ఫొటోలో ఒక కోటీ 67 లక్షల రంగులకి చోటుంది. గుడ్డ మీద నాకున్నవి నాలుగు: నలుపు, ముదురు ఎరుపు, లేత ఎరుపు, ఏమీ అద్దకుండా వదిలేసిన గుడ్డ రంగు. ఆ కోటీ 67 లక్షల నుంచి ఈ నాలుగుకి ఎలా దిగాలన్నదే నేను నేర్చుకోవలసి వచ్చింది.

బయటి బొమ్మను తెచ్చి మన గీతలోకి మార్చుకోవడం ఈ తీరానికి కొత్త కాదు. మచిలీపట్నంలో 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషువాళ్లు వర్తకం మొదలుపెట్టారు. ఆ తర్వాతి రోజుల్లో యూరప్ నుంచి పువ్వుల నమూనాలు పంపి, అలాంటివే కావాలని, కోరమాండల్ అని వాళ్లు పిలిచే ఈ తీరం పనివాళ్లని అడిగేవారు. వచ్చింది వచ్చినట్టు మనవాళ్లు దించలేదు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్న కోరమాండల్ గుడ్డల ఫొటోలు చూడండి. ఒకే కొమ్మకి పది రకాల పువ్వులు, అందులో ఒక్కటీ ఏ తోటలోనూ పూసేది కాదు. కానీ గీత మాత్రం ఎక్కడా తడబడదు. వాళ్లకి వచ్చింది కాగితం మీద నమూనా, నాకు వచ్చింది ఫోన్‌లో ఫొటో. చేయాల్సిన పని ఒకటే.

మొదటి మూడు నెలలు

సంక్రాంతి సెలవులకి మా అక్క కూతురు వచ్చింది. విజయవాడలో ఇంజినీరింగ్ చదువుతోంది. నా పాత లాప్‌టాప్‌లో జింప్ అనే సాఫ్ట్‌వేర్ వేసిచ్చింది. ఇది ఫొటోషాప్ లాంటిదే, కాకపోతే డబ్బు కట్టక్కర్లేదు. పెరట్లో మందారం ఒకటి ఫొటో తీసి అందులో తెరిచాం. నేను నేరుగా రేకు మీద బ్రష్ పెట్టబోతే ఆపేసింది.

"పిన్నీ, అసలు ఫొటో ముట్టుకోకు. లేయర్ డూప్లికేట్ చేసుకుని దాని మీద ఏమైనా చేసుకో. పాడైతే ఆ లేయర్ తీసేస్తే సరి, కింద నీ ఫొటో అలాగే ఉంటుంది."

లేయర్ సంగతి నాకు వెంటనే ఎక్కింది. ట్రేసింగ్ పేపరు మీద ఇంకో ట్రేసింగ్ పేపరు పరిచి గీయడం నాకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటే. కష్టం ఇంకో చోట వచ్చింది. ఆ మెనూల్లో ఎన్ని మాయలున్నాయో! కెలైడోస్కోప్ నొక్కితే ఒక్క మందారం పన్నెండు మందారాలై చక్రంలా తిరుగుతుంది. ఇంకోటి నొక్కితే ఆయిల్ పెయింటింగ్, ఇంకోటి నొక్కితే సుడిగుండం. రాత్రి పదకొండింటి దాకా కూర్చునేదాన్ని. ఏప్రిల్ వచ్చేసరికి ఫోల్డర్‌లో 64 బొమ్మలు తయారయ్యాయి. ఇంట్లో అందరూ బాగున్నాయన్నారు. అందులో పన్నెండు రంగుల్లో ప్రింటు తీయించుకుని, పెడనలో నాకు అచ్చులు చెక్కిపెట్టే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. వరసకి ఏమీ కాకపోయినా బాబాయ్ అనే పిలుస్తాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని ఒక్కో కాగితం దూరంగా పెట్టి చూశారు.

"బాగున్నాయి అమ్మాయ్. ఇందులో గీత ఏది?"

"అంటే బాబాయ్?"

"ఉలి ఎక్కడ పెట్టమంటావు? ఇదిగో, ఇక్కడ ఎరుపు మెల్లిగా నలుపవుతోంది. మెల్లిగా అవడం చెక్కకి రాదమ్మా. ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు."

నా చేతిలో పెన్సిల్ తీసుకుని కాగితం అంచున రెండు గీతలు గీశారు. "గీత ఇంతకన్నా సన్నంగా ఉంటే అద్దేటప్పుడు దెబ్బ తగిలి విరుగుతుంది. రెండు గీతల మధ్య సందు ఇంతకన్నా తక్కువుంటే రంగు దిగి రెండూ కలిసిపోతాయి. ఈ రెండూ గుర్తు పెట్టుకుని ఏం గీసుకొచ్చినా చెక్కిస్తాను."

ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. గీత ఒక మిల్లీమీటరు, సందు ఒకటిన్నర. నేను పని చేసేది అంగుళానికి 300 పిక్సెళ్ల మీద. లెక్క వేస్తే గీత 12 పిక్సెళ్లు, సందు 18. ఆ రెండు అంకెలూ చీటీ మీద రాసి లాప్‌టాప్‌కి అంటించాను. ఆ 64 బొమ్మల్లో ఒక్కటి కూడా ఈ చీటీకి నిలబడలేదు.

నా పని నిజంగా మొదలైంది అక్కడే. అంతకుముందు పువ్వుకి ఏం కలపాలా అని చూస్తున్నాను. ఆ రోజు నుంచి ఏం తీసెయ్యాలో చూడటం మొదలుపెట్టాను. కెమెరా దగ్గర మొదలుపెట్టి అచ్చు దాకా రావడం కాకుండా, అచ్చు దగ్గర మొదలుపెట్టి కెమెరా దాకా వెనక్కి వెళ్లాను.

ఎరుపుతో వచ్చే చిక్కు

మందారం ఫొటో తీసినవాళ్లందరికీ ఇది అనుభవమే. కంటికి రేకు మీద ఈనెలు, మడతలు, గొంతు దగ్గర ముదురు రంగు అన్నీ కనిపిస్తాయి. ఫొటోలో చూస్తే ఎర్ర కాగితం కత్తిరించి అతికించినట్టు ఒకే ముద్ద. కారణం తెలియక చాలా రోజులు ఫోన్‌నే తప్పుబట్టాను.

సంగతి ఇది. ఫొటోలో ప్రతి చుక్కకీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు కొలతలుంటాయి, ఒక్కొక్కటీ సున్నా నుంచి 255 దాకా. ఎండలో ఉన్న ఎర్ర మందారానికి ఎరుపు కొలత రేకంతటా 255కి వెళ్లి గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. అన్ని చోట్లా ఒకే అంకె ఉంటే ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? అందుకని రెండు పనులు చేయాలి. ఫొటో తీసేటప్పుడు తెర మీద పువ్వును తాకి, వెలుతురు గుర్తును కిందికి లాగి, కంటికి కాస్త చీకటిగా అనిపించేలా తీయాలి. తర్వాత జింప్‌లో కలర్స్ మెనూలో కాంపొనెంట్స్, అందులో డీకంపోజ్ నొక్కితే మూడు కొలతలూ మూడు నలుపు తెలుపు బొమ్మలుగా విడిపోతాయి. ఎరుపుది తెల్లగా పాలిపోయి ఉంటుంది, దాన్ని వదిలేయాలి. ఆకుపచ్చది తెరవండి. నల్లగా ఉంటుంది గానీ, కర్వ్స్‌తో కొంచెం వెలుతురు పెంచితే రేకు మొదలు నుంచి అంచు దాకా ఈనెలన్నీ చెట్టు కొమ్మల్లా విచ్చుకుంటూ బయటపడతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు లాప్‌టాప్ ఎత్తుకెళ్లి వంటింట్లో ఉన్న మా అమ్మకి చూపించాను.

వెలుతురు గురించి కూడా కొంచెం చెప్పాలి. సూటిగా పడే ఎండలో తీస్తే రేకు నీడ నల్ల మచ్చ అవుతుంది. కంప్యూటర్‌కి అది నీడో రేకో తెలియదు, రెండింటినీ ఒకేలా నలుపు చేస్తుంది. అందుకని ఉత్తరం వైపు కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఎదురుగా తెల్ల థర్మకోల్ అట్ట నిలబెట్టి తీశాను. పోర్ట్రెయిట్ మోడ్ వాడకూడదు. అది రేకు అంచుల్ని కరిగించేస్తుంది, మనకి కావలసిందే ఆ అంచు.

మే నెలలో ఒక ఉదయం తీసిన జత ఫొటోలే చివరికి అచ్చుకి ఎక్కాయి. పువ్వుని చిన్న సీసాలో కదలకుండా నిలబెట్టి, ఫోన్‌ని స్టాండుకి బిగించాను. ముందు నుంచి మెత్తటి వెలుతురులో ఒకటి. తర్వాత పువ్వూ ఫోనూ కదపకుండా, వెనకాల ట్రేసింగ్ పేపరు పరిచి దాని వెనక టేబుల్ లైటు పెట్టి ఇంకోటి. మొదటి దాంట్లో ఏ రేకు ఏ రేకు మీద ఉందో తెలిసింది. రెండో దాంట్లో వెలుతురు రేకులోంచి దూసుకొచ్చి ఈనెలు తెలిశాయి. రెండూ ఒకే చోటి నుంచి తీసినవి కాబట్టి లేయర్లుగా వేస్తే ఒకదాని మీద ఒకటి అచ్చంగా కూర్చున్నాయి. మందారం పూసిన రోజే వాడిపోతుంది. ఈ రెండింటి మధ్య భోజనానికి లేస్తే మధ్యాహ్నానికి రేకుల అంచులు ముడుచుకుని పని మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ఫొటోలు పెద్దవి చేసి చూస్తున్నప్పుడే ఒకటి గమనించాను. మందారానికి ఐదు రేకులు. ప్రతి రేకుకీ ఒక అంచు పక్క రేకు మీద ఉంటుంది, రెండో అంచు ఇటు పక్క రేకు కింద దూరి ఉంటుంది. అన్నీ ఒకే వైపు తిరుగుతాయి, పిల్లలు ఆడుకునే గాలి చక్రంలా. పెరట్లోకి వెళ్లి పన్నెండు పువ్వులు చూశాను. కొన్ని కుడికి తిరుగుతున్నాయి, కొన్ని ఎడమకి, ఒకే చెట్టు మీద. రోజూ దేవుడికి కోసే పువ్వు ఇది. ఇరవై ఏళ్లలో నేను గీసిన ఏ మందారంలోనూ ఈ తిరుగుడు లేదు. ఒక రేకుకి రెండంచులూ పైన, పక్క రేకుకి రెండంచులూ కింద వేసేదాన్ని, కుడి ఎడమ సమంగా ఉండాలని.

జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అని ఒకాయన ఉండేవారు, 1865 నుంచి 1932 దాకా బతికారు. బెర్లిన్‌లో డిజైన్ విద్యార్థులకి పాఠం చెప్పడానికి మొక్కల మొగ్గల్ని, ఆకుల్ని చాలా రెట్లు పెద్దవి చేసి ఫొటోలు తీశారు. ఆ ఫొటోలు ఫొటోగ్రఫీ చరిత్రలోకి వెళ్లాయి గానీ ఆయన వాటిని తీసింది బొమ్మ గీసేవాళ్ల చేతికి పువ్వు కట్టుబడి తెలియాలని. ఆ ఉదయం తర్వాత ఆయన ఉద్దేశం నాకు బాగా తెలిసింది.

ఈనెల లెక్క

ఆకుపచ్చ బొమ్మ మీద థ్రెషోల్డ్ వేస్తే ప్రతి చుక్కా నలుపో తెలుపో అయిపోతుంది. బాబాయ్ చెప్పినట్టే, ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కింద ఉన్న గుర్తుని అటూ ఇటూ జరుపుతుంటే ఒక చోట ఈనెలు మాత్రమే మిగులుతాయి, ఇంకొంచెం జరిపితే రేకంతా నల్లబడిపోతుంది. ముందు మీడియన్ బ్లర్ కొంచెం వేసుకుంటే ఇసుక చల్లినట్టుండే మరకలు పోతాయి.

కానీ థ్రెషోల్డ్ ఇచ్చింది డిజైన్ కాదు. దాన్ని అలాగే చెక్కించాలని చూసినవాళ్లని చూశాను, మధ్యలో తెగిపోయిన గీతలు, జిడ్డు మరకల్లాంటి మచ్చలు వస్తాయి. నేను దాన్ని కింద పెట్టుకుని, పైన ఖాళీ లేయర్ వేసి, 12 పిక్సెళ్ల బ్రష్‌తో ప్రతి గీతా చేత్తో మళ్లీ గీశాను. మౌస్‌తో గీత వణుకుతోందని చివరికి చిన్న పెన్ టాబ్లెట్ కొన్నాను. కంప్యూటర్ సామానుకి నేను పెట్టిన ఖర్చు అదొక్కటే, దండగ కాలేదు.

ఒక్క నొక్కుతో ఫొటోని గీతల బొమ్మగా మార్చే యాప్‌లు చాలా ఉన్నాయి, అవీ వాడి చూశాను. తామర పెట్టినా, బంతి పెట్టినా, గన్నేరు పెట్టినా ఒకే రకం గీత ఇస్తాయి. నా చేతికి ఒక అలవాటు ఉన్నట్టే వాటికీ ఒక అలవాటు ఉంది. ఒకదాన్ని వదిలించుకోవడానికి ఇంకోదాన్ని తెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

ఈనెలు గీసేటప్పుడు చీటీ మీది అంకెలు అడ్డం పడ్డాయి. అచ్చు ఆరు అంగుళాలు, పువ్వు ఐదు. నడి గుండ్రం చుట్టూ కొలిస్తే ఒక్కో రేకు మొదలుకి సుమారు పది మిల్లీమీటర్లు వస్తుంది. గీత ఒకటి, సందు ఒకటిన్నర, కలిపి రెండున్నర. అంటే రేకు మొదట్లో నాలుగు ఈనెలకే చోటు. ఫొటోలో లెక్కపెడితే ఇరవై పైన ఉన్నాయి. సన్నం చేస్తే విరుగుతాయి, దగ్గర చేస్తే కలుస్తాయి. రెండు రోజులు దీని దగ్గరే ఆగిపోయాను. మళ్లీ ఫొటో పెద్దది చేసి చూస్తే దారి అక్కడే ఉంది. నిజం రేకులోనూ ఈనెలన్నీ మొదటి నుంచి విడివిడిగా రావు. కొన్ని బయలుదేరి, వెడల్పు దొరికిన కొద్దీ చీలుతాయి. నాలుగుతో మొదలుపెట్టి, రేకు నడిమికి ఎనిమిది, అంచుకి వచ్చేసరికి పదమూడు చేశాను. పదహారు పట్టేవి గానీ మూడు వదిలేసి ఆ చోటు గుడ్డకి ఇచ్చాను, లేకపోతే రేకు విసనకర్రలా కనిపిస్తోంది.

రంగు పంచడానికి పోస్టరైజ్ పనికొచ్చింది. మొదటి మూడు నెలల్లో దాన్ని తమాషాకి వాడాను. ఇప్పుడు ఫొటోని నలుపు తెలుపు చేసి, నాలుగు మెట్లు పెట్టి వేస్తే, అది నాలుగు మెట్ల నీడగా విడిపోయింది. అన్నిటికన్నా ముదురు మెట్టు గొంతు దగ్గర పడింది, అది నల్ల గీతల గుంపు. తర్వాతి మెట్టు రేకు మీద రేకు ఎక్కిన చోట పడే నీడ, అది చిక్కటి పటిక. తర్వాతిది రేకు ఒళ్లు, పల్చటి పటిక. అన్నిటికన్నా లేతది రేకు అంచు, అది ఖాళీ గుడ్డ. ఒక్కో మెట్టుకి ఒక్కో అచ్చు, ఆఖరిది గుడ్డదే. ఫొటోలో ఏ రంగుందన్నది నేను అసలు పట్టించుకోలేదు, ఎంత నీడ ఉందన్నదే చూశాను.

పువ్వు నడి కాడ ఒక్కటి ఇబ్బంది పెట్టింది. ఎదురుగా తీసిన ఫొటోలో అది మన వైపే పొడుచుకొస్తుంది కాబట్టి ముద్దలా కనిపిస్తుంది. పక్క నుంచి తీసిన వేరే ఫొటోలోంచి కాడని కత్తిరించి, ఒక రేకు మీదికి వాలినట్టు పెట్టాను. ప్రకృతిలో ఆ రెండూ ఒకేసారి అలా కనిపించవు. పాత కోరమాండల్ పువ్వుల్లో మాత్రం ఇలాంటివి బోలెడు. కాడ చివర ఐదు చిన్న గుండ్లు, వాటి కింద పుప్పొడి చుక్కలు. ఆ చుక్కలకి చెక్క నిలవదని బాబాయ్ ఇత్తడి మేకులు దిగ్గొట్టారు.

తిరగబడిన అచ్చు

జూలైలో మూడు అచ్చులూ చేతికొచ్చాయి. పాత గుడ్డ మీద ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే నలుపు, ముదురు ఎరుపు చక్కగా కూర్చున్నాయి. లేత ఎరుపు అచ్చు ఎటు తిప్పినా కుదరలేదు. ఒక రేకు దగ్గర సరిపోతే పక్క రేకు దగ్గర గీత దాటిపోతోంది.

అచ్చు మీద బొమ్మ ఎప్పుడూ అద్దంలో బొమ్మలా తిరగేసి ఉండాలి, అప్పుడే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. ఇన్నాళ్లూ నేను ట్రేసింగ్ పేపరు మీద సూటిగా గీసి ఇస్తే, బాబాయ్ దగ్గర పనిచేసే కుర్రాడు కాగితం బోర్లించి చెక్క మీదికి దించేవాడు. ఈసారి నేను కంప్యూటర్‌లోనే తిప్పేసి, ట్రేసింగ్ పేపరు మీద ప్రింటు తీసి ఇచ్చాను. ఆ మాట మొదటి రెండు కాగితాలు ఇచ్చినప్పుడు చెప్పాను. వారం తర్వాత మూడోది ఇచ్చినప్పుడు చెప్పలేదు. అతను అలవాటు ప్రకారం మళ్లీ బోర్లించాడు. రెండుసార్లు తిరిగి బొమ్మ సూటిగా చెక్కబడింది. తప్పు నాదే. పది రోజుల పని, మంచి టేకు ముక్క, రెండూ పోయాయి.

ఇన్నేళ్లలో ఇలాంటి పొరపాటు ఎన్నిసార్లు జరిగిందో నాకు తెలియదు, ఎందుకంటే తెలిసే వీలు లేదు. నా పాత ఎనిమిది రేకుల పువ్వు కుడి ఎడమ ఒకేలా ఉంటుంది, తిప్పినా తిప్పకపోయినా అదే పువ్వు. ఇది తిరిగే పువ్వు కాబట్టి వెంటనే పట్టిచ్చింది.

ఇప్పుడు ప్రతి కాగితం మూలన బొమ్మతో పాటు "మ" అనే అక్షరం పెడుతున్నాను. చెక్క మీద అది తిరగబడి కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు, చదవగలిగితే తప్పు. పక్కనే సరిగ్గా పది సెంటీమీటర్ల గీత కూడా ఒకటి పెడుతున్నాను. జిరాక్స్ షాపులో ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే సెట్టింగ్ ఉంటే బొమ్మ కొంచెం కుంచించుకుపోతుంది, కంటికి తెలియదు. అక్కడే స్కేలు పెట్టి ఆ గీత కొలిచి, పది రాకపోతే అసలు సైజులో మళ్లీ తీయించుకుంటాను. మూడు అచ్చులకీ మూడు సైజులైతే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

వరసల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఒక్క పువ్వు అందంగా ఉంటే చాలదు, చున్నీ నిండా పరిచినప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. ముందు ఆఫ్‌సెట్ నొక్కి బొమ్మని సగం పక్కకి, సగం కిందికి జరిపితే నాలుగు అంచులూ మధ్యలోకి వస్తాయి, ఆకులు అతుకు దగ్గర కలుస్తున్నాయో లేదో తెలిసిపోతుంది. తర్వాత టైల్ అనే దాంతో మూడు వరసలు, వరసకి మూడు వేసి, లాప్‌టాప్ గదిలో ఆ చివర పెట్టి ఈ చివర నుంచి చూశాను. పువ్వుల మధ్య నిలువునా, అడ్డంగా తెల్లటి దారులు కనిపించాయి, పొలం గట్లలా. ఒక నిలువు వరస విడిచి ఒక నిలువు వరస సగం కిందికి దింపితే దారులు పోయాయి. అద్దే తమ్ముడికి వీలుగా అచ్చు పక్క అంచు నడిమధ్యన ఒక చిన్న చుక్క పెట్టించాం, పక్క అచ్చు మూల అక్కడ ఆనాలి.

డేగిసా దగ్గర

ఆగస్టులో రెండు వానల మధ్య మూడు రోజులు ఎండ కాసింది. తడి గోనె పట్టాలు పరిచిన బల్ల మీద కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన చున్నీ పరిచి తమ్ముడు నల్ల గీతలు వేశాడు. మర్నాడు పటిక అచ్చులు రెండూ. పటిక వేస్తుంటే గుడ్డ మీద దాదాపు ఏమీ కనిపించదు. తడి మెరుపు చూసుకుంటూ నల్ల గీతలోపలే వేసుకుంటూ పోయాడు. నాలుగో పువ్వు దగ్గర ఆగి, "అక్కా, ఈ పువ్వు తిరుగుతోంది" అన్నాడు. నేనేమీ చెప్పకుండానే.

కాలువలో జాడించాక గుడ్డ డేగిసాలో పడింది. కర్రతో తిప్పుతూ ఉంటే మొదట గుడ్డంతా ఒకే మురికి గులాబీ రంగులోకి వచ్చింది. నాకు టెన్షన్ మొదలైంది. నీళ్లు కాగే కొద్దీ రేకు మీద రేకు ఎక్కిన చోట ముందు ముదురు కట్టింది. తర్వాత లేత ఎరుపు దాన్నుంచి విడిపోయింది. రేకుల అంచులు చివరి దాకా గుడ్డ రంగులోనే నిలిచాయి. లాప్‌టాప్‌లో పోస్టరైజ్ నొక్కినప్పుడు క్షణంలో విడిపోయిన మెట్లు ఇక్కడ గంట పైనే పట్టి, ఒకదాని తర్వాత ఒకటి, నా కళ్లముందు విడిపడ్డాయి.

లోపం లేకుండా రాలేదు. గొంతు దగ్గర మూడు సందులు మూసుకుపోయి నలుపు ముద్దకట్టింది. చీటీలో 18 అని రాసుకుని కూడా అక్కడ గీతలు గుంపుగా ఉండాలని 14కి దిగాను. బాబాయ్ ఆ మూడు సందులూ ఉలితో వెడల్పు చేశారు, రెండో చున్నీకి సరిపోయింది. ఈనెలు ఇప్పటికీ నాకు రెండు మూడు ఎక్కువే అనిపిస్తాయి. దగ్గర నుంచి బాగుంటాయి, వేసుకున్నప్పుడు దూరం నుంచి చూస్తే కొంచెం బరువు. మళ్లీ చేస్తే అంచు దగ్గర పదమూడు కాదు, పది చాలు.

ఆర్డరు 24 చున్నీలు. దసరాకి ముందే అందాయి. ఆవిడ ఒకటి విప్పి, వేలు పెట్టి ఒక రేకు అంచు వెంట వెళ్లారు. అది పక్క రేకు కింద దూరిన చోట ఆగి, "ఇది మా ఇంటి మందారం" అన్నారు. అవే అచ్చులతో నేను నా కోసం గోడకి వేలాడదీసే తెర ఒకటి అద్దించుకున్నాను. అందులో సగం పువ్వులు కుడికి తిరగాలి, సగం ఎడమకి, పెరట్లో చెట్టులాగే. దానికి ఎడమ జత అచ్చులు మళ్లీ చెక్కించాల్సి వచ్చింది. అందులో లేత ఎరుపు అచ్చు మాత్రం కొత్తగా చెక్కలేదు. జూలైలో తిరగబడి పాడైందనుకున్న ముక్కే అది, అటకెక్కించినదాన్ని బాబాయ్ దించి తెచ్చి ఇచ్చారు.

ఇప్పుడు శంఖుపుష్పం మీద కూర్చున్నాను. ఇక్కడ లెక్క మొత్తం మారుతుంది. నీలిమందు పటికతో పట్టేది కాదు, గుడ్డని నీలి తొట్టిలో ముంచాలి, నీలం అక్కర్లేని చోటల్లా ముందే మైనం వేసుకోవాలి. అంటే అచ్చు మీద చెక్కాల్సింది పువ్వు కాదు, పువ్వులో తెల్లగా మిగలాల్సిన భాగం, గొంతు దగ్గరి ఆ లేత మచ్చ, దాని చుట్టూ ఉన్న ఈనెలు. జింప్‌లో అది ఇన్వర్ట్ అనే ఒక్క నొక్కు. మైనం అచ్చుకి సందు ఎంత ఉండాలో మాత్రం ఇంకా కొలవలేదు. వేడి మైనం పటిక కన్నా ఎక్కువ పాకుతుంది, 18 చాలదనుకుంటున్నాను. గురువారం మైనం కరిగించి, వేరువేరు సందులున్న గీతల అచ్చు ఒకటి వేసి చూద్దామన్నారు బాబాయ్.